స్ఫటికంలో కణం ప్రయాణం – 4వ పాఠం: రెండు వరసల మధ్య

పోయిన పాఠంలో ఒక లెక్క వేశాం. మహా వేగంతో వెళ్లే ప్రోటాన్ సిలికాన్‌లో మైక్రాన్‌కు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగటున 390 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలత) శక్తి పోగొట్టుకుంటే, 300 మైక్రాన్ల పలకలో పోయేది సుమారు 1,17,000. పరమాణువులు ఎలా పేర్చి ఉన్నాయో అప్పుడు పట్టించుకోలేదు. ఇవాళ అదే చూద్దాం.

అమలాపురం చుట్టుపక్కల ఏదైనా కొబ్బరి తోటకు వెళ్లి గట్టు మీద నిలబడండి. ఏటవాలుగా చూస్తే ఎటు చూసినా మానులే అడ్డం. కాస్త జరిగి, రెండు వరసల మధ్య బోదె వెంట చూడండి. తోట అవతలి గట్టు కనిపిస్తుంది. చెట్లేమీ తగ్గలేదు, మీ చూపు దారి మారింది, అంతే.

స్ఫటికంలో పరమాణువులూ ఇలాగే వరసలు తీరి ఉంటాయి. అయితే కొబ్బరి మాను మనల్ని నెట్టదు. పరమాణువు కేంద్రకం ప్రోటాన్‌ను నెడుతుంది. దానిదీ ప్రోటాన్‌దీ ధనావేశమే కదా! రెండు పక్కల పరమాణు తలాలూ (పరమాణువులు పరుచుకున్న పొరలు) మెల్లగా నెడుతుంటే ప్రోటాన్ నడి దారిలోనే సాగుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు పలచన. శక్తి ఎక్కువగా పోయేది ఎలక్ట్రాన్లను తాకడం వల్లే కాబట్టి, నడిమధ్యగా వెళ్లే ప్రోటాన్‌కు నష్టం దాదాపు సగమే. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇలాంటి దారులు ఉండొచ్చని భౌతిక శాస్త్రవేత్త స్టార్క్ 1912లోనే అన్నాడు. 1963లో రాబిన్సన్, ఓయెన్‌ల కంప్యూటర్ లెక్కల్లో అవి బయటపడ్డాయి. 1965లో లిండ్‌హార్డ్ వాటికి సిద్ధాంతం కట్టాడు.

ఇప్పుడు పెన్ను తీయండి. కణం ఎంత వంకరగా వచ్చినా దారిలో నిలుస్తుందా? నిలవదు. రెండు పక్కల నెట్టుడు వల్ల సిలికాన్ తలాల మధ్య ప్రోటాన్‌కు ఒక శక్తి గుంట ఏర్పడుతుంది, దాని లోతు సుమారు 20 ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని రెట్టింపు చేసి, కణం శక్తితో భాగించి, వర్గమూలం తీస్తే, దారి తప్పకుండా ఉండగల హద్దు కోణం రేడియన్లలో (కోణానికి ఒక కొలత) వస్తుంది. ప్రోటాన్ శక్తి 10,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుందాం. 40ని దానితో భాగించి వర్గమూలం తీస్తే లక్షలో 2 వంతులు. లక్ష సెంటీమీటర్లంటే కిలోమీటరు. కాలవ గట్టు వెంట కిలోమీటరు నడిచి 2 సెంటీమీటర్లకు మించి పక్కకు జరగకూడదన్నమాట!

శక్తి 40,000 కోట్లయితే ఎంతో మీరే వేయండి. 1 సెంటీమీటరు రావాలి. రాకపోతే వర్గమూలం దగ్గర మళ్లీ చూసుకోండి.

వచ్చే పాఠంలో ప్రోటాన్ బదులు ఎలక్ట్రాన్‌ను పంపుదాం. దాన్ని కేంద్రకాలు నెట్టవు, లాగుతాయి.