కంపాస్ చూసుకుంటూనే వెనక్కి వచ్చినా బోటు దొరకట్లేదా? సమస్య - పరిష్కారం

స్కూబా డైవింగ్‌లో ఈ సమస్య ఎప్పుడూ ఒకటే. నీటి అడుగున, బోటు కట్టేసిన మూరింగ్ తాడు దగ్గర కంపాస్ సెట్ చేసుకుని 90 డిగ్రీల మీద 50 మీటర్లు వెళ్లారు. ఆగి, వెనక్కి తిరిగి, 270 మీద అన్నే కిక్కులు (కాళ్ల ఊపులు) కొట్టారు. ముల్లు గీత దాటలేదు. తీరా చూస్తే తాడు ఉండాల్సిన చోట ఇసుక తప్ప ఏమీ లేదు. చాలా అడ్వాన్స్‌డ్ డైవింగ్ కోర్సుల్లో నావిగేషన్ డైవ్ (నీటి అడుగున దారి కనుక్కోవడం) తప్పనిసరి కాబట్టి, అండమాన్‌లో అయినా కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవిలో అయినా పుదుచ్చేరిలో అయినా ఈ ఫిర్యాదు వినపడుతూనే ఉంటుంది. పైకి తేలగానే "కంపాస్ పాడైంది సార్" అంటారు. కంపాస్ పాడవడం చాలా అరుదు. బయల్దేరే ముందు ఒడ్డు మీద రెండు నిమిషాలు దాన్ని పరీక్షించకపోవడం మాత్రం రోజూ జరిగేదే.

ఎటు తప్పారు?

ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి. దారి సరిగ్గానే ఉండి, తాడుకు ఇవతలో అవతలో ఆగిపోయారంటే అది దూరం లెక్క. 30 మీటర్ల టేపు పక్కన వేసుకున్న కిక్కుల లెక్క కదలని నీటికే సరిపోతుంది. ప్రవాహానికి ఎదురెళ్లేటప్పుడు కిక్కులు ఎక్కువ పడతాయి, దాని వెంట వచ్చేటప్పుడు తక్కువ.

పూర్తిగా ఎదురు దిక్కుకు పోయారంటే బెజెల్‌ను (కంపాస్ చుట్టూ తిరిగే రింగును) హడావుడిగా తిప్పి, ముల్లు రెండు కొనల్లో ఏది చూడాలో తికమకపడ్డారు. తిరిగేటప్పుడు బెజెల్ ముట్టుకోకండి. ముల్లు రెండో కొన బెజెల్ మీది గీతల మధ్యకు వచ్చేదాకా మీ ఒంటినే తిప్పండి.

పక్కకు తప్పారా? అసలు కథ ఇక్కడుంది.

చేయి, ఒరుగు

కంపాస్ ఒరిగితే ముల్లు లోపల రాసుకుని ఇరుక్కుంటుంది. అప్పుడది బుద్ధిగా నిలబడినట్టే కనిపిస్తుంది. అనుమానం వస్తే కొంచెం కుడికీ ఎడమకీ తిరగండి. ముల్లు మీతోపాటే తిరిగితే ఇరుక్కుందన్నమాట. కంపాస్ లేని చేతిని నేరుగా ముందుకు చాచి, కంపాస్ కట్టిన చేత్తో దాని మోచేతిని పట్టుకోండి. అప్పుడు కంపాస్ మధ్య గీత ఒంటికి సమాంతరంగా ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చేయి 10 డిగ్రీలు వంకరగా పెట్టి, రాకపోకలు రెండూ అదే వంకరతో సాగిస్తే బయల్దేరిన చోటికే వస్తారు. పోయేటప్పటి తప్పు వచ్చేటప్పుడు రద్దయిపోతుంది. చతురస్రం ఈదినా చివరికి మూసుకుంటుంది, కాకపోతే మొత్తం పక్కకు తిరిగి ఉంటుంది. కాబట్టి తాడు కనపడనంత దూరం తప్పారంటే వంకర చేయి ఒక్కటే కారణం కాదు.

చేతిలో టార్చ్ ఉందా?

నాకు చుక్కలు చూపించిన కారణం ఇదే. డైవ్ టార్చ్‌లు చాలావాటిలో స్విచ్ కింద అయస్కాంతం ఉంటుంది. గొట్టానికి బొక్క పెట్టకుండానే ఆన్, ఆఫ్ చేయొచ్చు, నీళ్లు కారవు అని అలా చేస్తారు. మంచి ఏర్పాటే, కానీ దాన్ని కంపాస్‌కు జానెడు దూరంలో పట్టుకుంటే ముల్లు అటు లాగుతుంది. ఆక్టోపస్‌ను (గాలి పీల్చుకునే రెండో, అదనపు గొట్టాన్ని) ఛాతీకి పట్టి ఉంచే అయస్కాంతపు క్లిప్పులు, గేజ్ క్లిప్పులు, కెమెరా ట్రేల మీది బిగింపులు కూడా ఈ జాతివే. పక్కనే ఈదే బడ్డీ (జోడీ డైవర్) చేతిలో టార్చ్ ఉన్నా అంతే.

ముల్లు వణకదు, గిర్రున తిరగదు. నెమ్మదిగా 10 డిగ్రీలు తప్పు చూపిస్తూ స్థిరంగా నిలబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పైగా ఈ తప్పు వంకర చేయి లాంటిది కాదు. అయస్కాంతం మీతోపాటే తిరుగుతుంది, భూమి ఉత్తరం మాత్రం తిరగదు. అందుకని పోయేటప్పుడు మిమ్మల్ని 10 డిగ్రీలు కుడికి నెట్టిన టార్చ్, వెనక్కి తిరగగానే దాదాపు అంతే ఎడమకు నెడుతుంది. రెండూ కలిసి దాదాపు 20 డిగ్రీలు. 50 మీటర్ల దారిలో అది సుమారు 17 మీటర్ల దూరం. విజిబిలిటీ 8 మీటర్లు ఉన్న రోజు మీరు తాడు పక్క నుంచే పోతారు, కనపడదు.

పరీక్ష ఇసుక మీద చేయండి, ఇంజిన్ ఉన్న బోటులో కాదు. కంపాస్‌ను మట్టంగా పెట్టి, టార్చ్‌ను చేయంత దూరం నుంచి దగ్గరికి తీసుకురండి. ముల్లు ఎక్కడ కదిలిందో ఆ దూరం గుర్తుపెట్టుకుని దానికి రెండింతలు ఎడంగా ఉంచండి. దూరం రెట్టింపైతే అయస్కాంతం ప్రభావం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. తర్వాత మొత్తం సామాను తగిలించుకుని, ఈదేటప్పటిలాగే కంపాస్ పట్టుకుని, దూరంగా ఉన్న చెట్టుకో గుడికో గురిపెట్టి అంకె చూడండి. అన్నీ విప్పేసి మళ్లీ చూడండి. అంకెలు కలవకపోతే దొంగ మీ ఒంటి మీదే ఉన్నాడు. ఇంకో దిక్కున కూడా ఒకసారి చూడండి, ఒక దిక్కున దాక్కున్న తప్పు ఇంకో దిక్కున బయటపడుతుంది.

నీళ్లలో టార్చ్ నడుము పక్కన జాకెట్‌కుండే డీ-రింగ్‌కు (D ఆకారపు కొక్కెం) తగిలించండి. చేతులు మార్చితే చాలనుకోకండి, కంపాస్ పట్టులో రెండు చేతులూ ఒక్కచోటికే వస్తాయి.

అయస్కాంతం లేకపోతే ప్రవాహం

రెండింటినీ విడదీయడం తేలిక. మీ గీత మీద ఎదురుగా ఉన్న ఒక బండను ఎంచుకుని ఈదండి. ముల్లు కదలకుండానే బండ పక్కకు జరుగుతుంటే నీరు మిమ్మల్ని మోస్తోంది. సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహం ఒంటికి తెలియదు. కానీ పోను 3 నిమిషాలు, రాను 3 నిమిషాలు అనుకుంటే 36 మీటర్లు ఒకే పక్కకు జరుగుతారు. కంపాస్ మీరు చూస్తున్న దిక్కు చెబుతుంది, మీరు పోతున్న దిక్కు కాదు. బండ నుంచి బండకు, దాని నుంచి ఇంకో బండకు ఈదండి. వీలుంటే మొదట ప్రవాహానికి ఎదురెళ్లండి.

లెక్క అయిపోయినా తాడు లేకపోతే అడుగున వెతుక్కుంటూ గాలి ఖర్చు చేయకండి. బడ్డీతో కలిసి నెమ్మదిగా పైకి రండి, 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగండి, బోటుకు కనపడేలా గుర్తు బెలూన్ పైకి వదలండి.

మిగతావి

భూమి ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా మన తీరంలో చాలా తక్కువ, పైగా వెళ్లి వచ్చే దారిలో దానికి పనే లేదు. ఇనుప ఓడ శిథిలం దగ్గర ముల్లును నమ్మకండి, కాస్త దూరం జరిగాక చూడండి. డైవ్ కంప్యూటర్‌లోని (లోతు, సమయం చూపే పరికరం) డిజిటల్ కంపాస్‌కూ టార్చ్ గొడవ ఉంటుంది. కాలిబ్రేషన్ (దిక్కు సరిచూసి సెట్ చేయడం) చేసేటప్పుడు టార్చ్, ముల్లు కంపాస్ రెండూ దూరంగా పెట్టండి. కంపాస్‌లో చిన్న బుడగ ఉంటే ఫర్వాలేదు, రోజురోజుకూ పెరుగుతుంటే ద్రవం కారుతోంది, మార్చేయండి.