పిల్లల పాత బండికి, కుర్చీకి ఇంట్లో కలిపిన రంగు వేసేముందు చూసుకోవాల్సినవి

మే నెలలో మా ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు చాలా ఇళ్లల్లో చేసే పనే ఇది, ఎవరిదో పాత మూడు చక్రాల బండో చిన్న కుర్చీయో తక్కువలో దొరికిందని తెచ్చుకుని వానలు దిగకముందే రంగేసేద్దాం అనుకుంటారు. షాపు పెయింట్ ఎందుకు, పాలు సున్నంతో మనమే కలుపుకుంటే గుంటలకి, అంటే పిల్లలకి, మంచిది కదా అని వీడియో చూసి మొదలెట్టేస్తారు. పోయినేడు మా అప్ప కూడా అలాగే ఒక బండి తెచ్చింది, చూడగానే నాకు గుండె గుబేల్మంది, మీదున్న ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, మేనల్లుడికేమో అప్పుడే పళ్లొస్తున్నాయి, చేతికి ఏది దొరికితే అది కొరికేస్తున్నాడు.

అసలు భయం కొత్త రంగుతో కాదండీ, కిందున్న పాత రంగుతో. మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90, దాటకూడదన్న రూలు అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్ 1న. అంతకుముందు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ డబ్బాల్లో చాలావాటిలో సీసం బాగా ఉండేది. చూసి చెప్పలేం, వాసనతో అసలే చెప్పలేం. అది పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, ఇంతవరకు ఫర్వాలేదు అనే లెక్కే లేదు, పైగా మింగిన సీసం పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒంట్లోకి 4, 5 రెట్లు ఎక్కువ ఇంకుతుంది. అందుకని వయసు తెలియని, పెచ్చులు లేచిన ఆయిల్ పెయింట్ సామాను అయితే నా మాట విని గుంటల కోసం దాన్ని ముట్టుకోవద్దు. మేం ఆ బండిని అలాగే బయట పెట్టేసి, రంగు వెయ్యని ఉత్త చెక్క బండి ఇంకోటి వెతుక్కున్నాం.

ఇప్పటికే గీకుడు మొదలెట్టేసి ఉంటే పొడిగా ఉప్పు కాగితం పట్టకండి, మిషన్ అసలే వద్దు, మంట పెట్టి కాల్చి ఊడదీయడం ఇంకా ప్రమాదం, ఆ ఆవిరి కూడా సీసమే. వాటర్ పేపర్, అంటే నీళ్లతో వాడే ఉప్పు కాగితం, తడిపి మెల్లగా రుద్దాలి, ముక్కుకి తువ్వాలు కడితే ఆగదు, కనీసం ఎన్95 ఉండాలి. పిల్లలూ కడుపుతో ఉన్నవాళ్లూ ఆ చుట్టుపక్కలకే రాకూడదు. కింద ప్లాస్టిక్ పరిచి, రాలిన ముద్దంతా దాంట్లోనే చుట్టి పారెయ్యాలి, చీపురుతో ఊడిస్తే దుమ్ము ఇల్లంతా పడుతుంది, తడిగుడ్డతోనే తుడవాలి. ఆ బట్టలతో గుంటని ఎత్తుకోవద్దు, వాటిని విడిగా ఉతకండి. ఇంతకుముందే పిల్లాడు ఆ రంగు కొరికి ఉంటే డాక్టర్‌కి చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసీలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆ పైన ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

ఇక కలిపే రంగు సంగతి. మన వైపు రాతి రంగులతో వేసే పటచిత్రాలు, అంటే మన ఒడిశా బొమ్మలు, చూసి పెరిగినవాళ్లం కాబట్టి రాతి రంగులంటే మంచివే అని ఒక నమ్మకం. కానీ ఆ పసుపు హరితాళం, అంటే ఆర్సెనిక్ ఉన్న రాయి, ఆ ఎరుపు ఇంగిలీకం, అందులో పాదరసం. గోడకి పెట్టే బొమ్మకి అది వేరు, పిల్లాడు నాకే కుర్చీకి వేరు! పూజ సామాను కొట్లో పొట్లం కట్టిచ్చే సిందూరంలో కూడా సీసం ఉండొచ్చు, అదీ వద్దు. పేరు లేని పొడి ఏదీ కలపకండి, ఐరన్ ఆక్సైడ్ అని ప్యాకెట్ మీద రాసున్న ఎరుపు, పసుపు, నలుపు చాలు, అవి సున్నానికి కూడా తట్టుకుంటాయి. వంటింటి పసుపు వేద్దామనుకుంటే పారాణి గుర్తు చేసుకోండి, సున్నం తగలగానే ఎర్రబడిపోతుంది.

పాల రంగుకి లీటరు వెన్న తీసిన పాలు విరగ్గొట్టి, వడగట్టి కడిగిన విరుగులో 30 గ్రాముల దాకా హైడ్రేటెడ్ లైమ్, అంటే ముందే నీళ్లతో చల్లార్చి అమ్మే సున్నం పొడి, కలుపుతారు. రాతి సున్నం తెచ్చి ఇంట్లో నీళ్లు పొయ్యొద్దు, కుతకుతా ఉడికి చింది పడుతుంది. పొడి అయినా సరే కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకునే కలపండి, కంట్లో పడితే నలపకుండా 20 నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కలిపింది ఆ రోజే వాడేయాలి, మన ఎండల్లో తెల్లారేసరికి కుళ్లు వాసన కొడుతుంది. నున్నటి ఆయిల్ పెయింట్ మీద ఇది పట్టదు, రంగు లేని ఉత్త చెక్కకే వెయ్యండి. జూన్ మధ్యలో వానలు దిగాక గాలిలో చెమ్మకి సరిగ్గా ఆరదు, బూజు పడుతుంది, కాబట్టి ఈ లోపే అయిపోవాలి.

పైన పూతకి పచ్చి అవిసె నూనె పల్చగా రాయొచ్చు. త్వరగా ఆరుతుందని షాపులో ఇచ్చే బాయిల్డ్ నూనెలో లోహాల మందులు కలుపుతారు, పిల్లల సామానుకి అది వద్దు. పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది, గోటితో గీకితే పొడి రాలకుండా, ముక్కు దగ్గర పెడితే నూనె వాసన లేకుండా అయ్యాకే పిల్లాడికి ఇవ్వండి. ఆ నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకుంటాయి, బయట ఒక్కొక్కటీ విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి.