టెక్సస్‌లో ఉద్యోగం పోతే: అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి దరఖాస్తు ఎలా, చిక్కు వస్తే ఎవరిని అడగాలి

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో మనవాళ్లకు లేఆఫ్ అయితే ముందు రెజ్యూమె సరిచేసుకుంటారు. అన్‌ఎంప్లాయ్‌మెంట్, అంటే ఉద్యోగం పోయినవారికి వారానికింత అని ఇచ్చే భృతి సంగతి నెల గడిచాక గుర్తొస్తుంది. కొందరైతే గవర్నమెంటు డబ్బు మనకెందుకని వదిలేస్తారు. ఇది ఎవరూ వేసే దానం కాదు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో మొదలైన బీమా ఇది. టెక్సస్‌లో దీని పన్ను కట్టేది కంపెనీలే, మీ జీతంలోంచి కోత ఉండదు. మీరు పనిచేసినన్నాళ్లూ మీ కోసం కట్టిన బీమా కాబట్టి అర్హత ఉంటే మొహమాటం లేకుండా అడగండి. అదీ ఉద్యోగం పోయిన వారంలోనే అడగండి, ఎందుకంటే మీరు ఎప్పుడు దరఖాస్తు పెడితే ఆ వారం ఆదివారం నుంచే క్లెయిమ్ మొదలవుతుంది. ఊరికే పోనిచ్చిన వారాలకు మామూలుగా డబ్బు రాదు.

ఈ పని చూసేది టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్, అందరూ టీడబ్ల్యూసీ అంటారు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఫారం నింపిపెడతామని డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, మీ సోషల్ సెక్యూరిటీ నంబరు వాళ్ల చేతిలో పెట్టకండి.

ఎవరికి వస్తుంది

పని లేదని కంపెనీయే తీసేసి ఉండాలి, లేదా మీ ప్రవర్తనతో సంబంధం లేని కారణంతో ఉద్యోగం పోయి ఉండాలి. మీరే మానేస్తే, పనికి సంబంధించిన బలమైన కారణం చూపించాలి. అందుకే హెచ్‌ఆర్ వాళ్లు "రిజైన్ చేస్తే మీకే మంచిది" అన్నప్పుడు తొందరపడి సంతకం పెట్టకండి. లేఆఫ్ లెటర్ అడిగి తీసుకోండి.

రెండోది పాత జీతం. పూర్తయిన చివరి అయిదు త్రైమాసికాల్లో (మూడేసి నెలల కాలాల్లో) మొదటి నాలుగింటిని చూస్తారు. 2025 అక్టోబరులో దరఖాస్తు పెట్టినవారికి 2024 జులై నుంచి 2025 జూన్ వరకు వచ్చిన జీతం లెక్కలోకి వస్తుంది. అందులో ఎక్కువ జీతం వచ్చిన త్రైమాసికాన్ని 25తో భాగిస్తే వారానికి ఎంతో తెలుస్తుంది, దానికి గరిష్ఠ పరిమితి ఉంది. ఉదాహరణకు ఆ త్రైమాసికంలో 12,500 డాలర్లు వచ్చి ఉంటే వారానికి 500. కనీసం రెండు త్రైమాసికాల్లో జీతం ఉండాలి, నాలుగింటి మొత్తం వారపు భృతికి 37 రెట్లు, అంటే ఇక్కడ కనీసం 18,500 ఉండాలి. క్లెయిమ్ మొత్తం మీద 26 వారాల సొమ్ము, లేదా ఆ ఏడాది జీతంలో 27 శాతం, ఏది తక్కువైతే అది వస్తుంది.

మూడోది వీసా. ఇప్పుడు పని దొరికితే ఎక్కడైనా చేరడానికి చట్టప్రకారం అనుమతి ఉండాలి. పౌరులకు, గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి, ఎవరి దగ్గరైనా పనిచేసే వీలున్న ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతిలో ఉన్నవారికి ఇబ్బంది లేదు. హెచ్‌1బీ ఒక యజమానికే కట్టుబడిన వీసా కాబట్టి ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి ఇచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఉన్నవారి క్లెయిమ్ ఈ షరతు దగ్గరే ఆగిపోతుంది. అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకుంటే గ్రీన్‌కార్డ్ రాదని చాలామంది భయపడతారు. ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ లెక్కలో దీన్ని చూడరు.

ఫారంలో జాగ్రత్త

మనవాళ్లు ఎక్కువగా తడబడేది "చివరి యజమాని" అన్న గడిలో. మీరు రోజూ వెళ్లిన బ్యాంకో, టెలికాం కంపెనీయో మీ క్లయింట్. మీ పే స్టబ్ (జీతం చీటీ) మీద, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపే ఫారం) మీద పేరున్న కన్సల్టింగ్ కంపెనీయే యజమాని. క్లయింట్ పేరు రాస్తే నోటీసు వాళ్లకు వెళ్తుంది, "ఈ మనిషి మా ఉద్యోగి కాదు" అని జవాబొస్తుంది, క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. పే స్టబ్ ముందు పెట్టుకుని కంపెనీ పేరు, అడ్రసు, ఫోను అందులో ఉన్నట్టే ఎక్కించండి. చేరిన తేదీ, చివరగా పనిచేసిన తేదీ కూడా కావాలి. సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) వస్తే దాచకుండా రాయండి.

దరఖాస్తు పెట్టగానే డబ్బు వచ్చేయదు. రెండు వారాలకోసారి చెల్లింపు కోసం మీరే అడగాలి, ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ. వర్క్ ఇన్ టెక్సస్ అనే రాష్ట్ర ఉద్యోగాల వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుని, నోటీసులో చెప్పినన్నిసార్లు ప్రతి వారం ఉద్యోగ ప్రయత్నం చేయాలి. ఏ తేదీన ఏ కంపెనీకి ఎలా అప్లై చేశారో, ఏమన్నారో రాసి ఉంచుకోండి, అడిగినప్పుడు చూపించాలి. చిన్నాచితకా పని చేస్తే ఆ వారంలో సంపాదించింది చెప్పాలి. 500 వచ్చేవారికి 125 వరకు కోత లేదు. 200 సంపాదిస్తే 75 తగ్గి 425 వస్తుంది. మొదటి వారాన్ని వెయిటింగ్ వీక్ కింద పక్కన పెడతారు, షరతులు తీరితే దాని డబ్బు తర్వాత వస్తుంది.

ఉద్యోగం ఎలాగూ లేదు కదా, ఒకసారి ఇండియా వెళ్లొద్దామనుకుంటారు. వెళ్లండి, కానీ అక్కడున్న వారాలకు భృతి అడగకండి. పనికి సిద్ధంగా ఉన్నానని రాసి ఊళ్లో కూర్చుంటే, తీసుకున్నది తిరిగి కట్టాలి. మోసమని తేలితే దాని మీద 15 శాతం జరిమానా ఉంటుంది.

సాయం ఎక్కడ

క్లెయిమ్ ఎక్కడైనా ఆగితే టీడబ్ల్యూసీ టెలీ-సెంటర్ నంబరు 800-939-6631. ఇంగ్లిష్ రాకపోతే ఫోను ఎత్తగానే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, డబ్బు తీసుకోరు. కిరాణా షాపుల్లో, హోటళ్లలో పనిచేసే మన అమ్మానాన్నలకు ఇది తెలియాలి. పిల్లలు పక్కన కూర్చుని సాయం చేయొచ్చు గానీ జవాబులు మాత్రం పెద్దవాళ్లే చెప్పాలి.

దగ్గర్లోని వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ ఆఫీసులో కంప్యూటర్లుంటాయి, ఉద్యోగ వేటలో సాయం చేస్తారు, క్లెయిమ్ మీద నిర్ణయం మాత్రం వాళ్ల చేతిలో లేదు. వారాల తరబడి జవాబు లేకపోతే మీ ప్రాంత రాష్ట్ర ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి. ఓటు లేకపోయినా మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నవారే.

క్లెయిమ్ తిరస్కరించారంటే కథ ముగిసినట్టు కాదు. నోటీసు మీదున్న మెయిలింగ్ తేదీ నుంచి 14 రోజుల్లో అప్పీలు వేయాలి, మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. అప్పీలు ఫోన్‌లో చెబితే చెల్లదు. ఆన్‌లైన్‌లో, ఫ్యాక్స్‌లో, లేదా పోస్టులో పంపాలి. విచారణ ఫోన్‌లోనే జరుగుతుంది, మీ కంపెనీ తరఫువాళ్లు కూడా లైన్‌లో ఉండొచ్చు. లేఆఫ్ లెటర్, ఈమెయిళ్లు ముందుగానే విచారణాధికారికి పంపండి, ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ రెండు వారాల చెల్లింపు అభ్యర్థన ఆపకండి. గెలిస్తే, మీరు అడిగిన వారాలకే డబ్బు వస్తుంది.

లాయరు ఖర్చు భరించలేకపోతే డాలస్ వైపు లీగల్ ఎయిడ్ ఆఫ్ నార్త్‌వెస్ట్ టెక్సస్, హ్యూస్టన్ వైపు లోన్ స్టార్ లీగల్ ఎయిడ్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు టెక్సస్ రియో గ్రాండ్ లీగల్ ఎయిడ్ ఉన్నాయి. ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగా చూస్తారు. విచారణ తేదీ వచ్చేదాకా ఆగకుండా, తిరస్కరణ నోటీసు అందిన రోజే ఫోన్ చేయండి.