పాత ఇంటి కలప, ఇటుకలు కొనే ముందు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాత మిద్దెలను విప్పినప్పుడు టేకు దర్వాజలు, దూలాలు, బండలు అమ్మకానికి వస్తాయి. ఇల్లు బాగు చేయించుకునేవారు వాటిని కొనదలిస్తే, ముందుగా గోడలోని ఖాళీని ఎత్తు, వెడల్పు, మందంతో సహా కొలిచి రాసుకుని వెళ్లాలి, ఎందుకంటే పాత దర్వాజలు చాలావరకు పొట్టిగా ఉంటాయి. నేను కొలవకుండా తెచ్చిన దర్వాజలోంచి ఇప్పటికీ తల వంచుకునే లోపలికి వెళ్తున్నాను.

కలపను పైమెరుగు చూసి నమ్మరాదు. గోడలో దూరి ఉన్న దూలపు కొనను, గడపకు ఆనిన దర్వాజ అడుగుభాగాన్ని తప్పక పరిశీలించాలి. చెదలు, చెమ్మ ఎక్కువగా పట్టేది అక్కడే. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచినప్పుడు సులువుగా దిగినా, సుత్తితో తడితే డొల్ల చప్పుడు వచ్చినా, ఆ భాగాన్ని కోసివేయగా మిగిలే పొడవు మన పనికి సరిపోతుందో లేదో అక్కడే లెక్క చూసుకుని బేరమాడాలి. రందా పట్టే ముందు మొలలన్నీ తీయించాలి. లోపల విరిగి దాగిన ఒక్క మొల చాలు, వడ్రంగి బ్లేడు పాడవడానికి.

ఇటుకలైతే సున్నంతో కట్టిన గోడవే మేలు: సున్నం గీకితే ఊడుతుంది, సిమెంటును ఊడగొట్టబోతే ఇటుకే విరుగుతుంది. రెండు ఇటుకలను ఒకదానికొకటి తాకిస్తే ఖంగుమనాలి. కట్టే ముందు నీళ్లలో నానబెట్టాలి.

తాండూరు, షాబాదు బండలను మందాల వారీగా వేరుచేసి, ఒక్కో గదికి ఒక్కో మందం పరిపించడం మంచిది. తుప్పు పట్టిన పాత చువ్వలను మాత్రం, ఎంత చవకగా వచ్చినా, స్లాబులో వేయించరాదు.