ఆఫర్ వచ్చాక, సంతకానికి ముందు

ఇంటర్వ్యూలు జరుగుతున్నన్నాళ్లూ ఎంతో జాగ్రత్తగా ఉంటాం. "మీరు సెలెక్ట్ అయ్యారు" అన్న ఫోన్ రాగానే ఆ జాగ్రత్తంతా ఎగిరిపోతుంది. మనల్ని ఎవరో కావాలనుకున్నారన్న సంతోషంలో అడగాల్సినవి అడగం, చదవాల్సినవి చదవం. అసలు ప్రమాదం ఆ ఫోన్‌కీ సంతకానికీ మధ్య ఉండే నాలుగైదు రోజుల్లోనే ఉంది.

అన్నిటికంటే ముందు: ఆఫర్ కాగితం మీదికి రాకుండా ఉన్న ఉద్యోగం వదలొద్దు. ఈ తప్పు నేను చేశాను. హెచ్‌ఆర్ వాళ్లు జీతం, జాయినింగ్ డేట్ ఫోన్‌లోనే చెప్పి, రెండు రోజుల్లో లెటర్ మెయిల్ చేస్తామన్నారు. ఆ సాయంత్రమే రిజైన్ చేసేశాను. రెండు రోజులు కాస్తా రెండు వారాలయ్యాయి. పొద్దున లేవగానే మెయిల్, స్పామ్ ఫోల్డర్, మళ్లీ మెయిల్. ఇవతల నోటీస్ పీరియడ్ రోజురోజుకీ తరిగిపోతోంది. చివరికి ఆ పోస్టే ఆపేశామని ఒక్క ముక్కలో చెప్పారు. వాళ్లు అబద్ధమాడి ఉండకపోవచ్చు, కానీ నోటిమాటకు పూచీ ఎవరూ ఉండరు. లెటర్ వచ్చినా, అందులో "వెరిఫికేషన్ పూర్తయితేనే ఈ ఆఫర్ చెల్లుతుంది" అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే, అది పూర్తయిందని మెయిల్ వచ్చాకే రాజీనామా ఇవ్వండి.

లెటర్‌ను రెండుసార్లు చదవండి. రెండోసారి పైకి చదవండి, కళ్లు దాటేసిన మాటలు చెవికి తగులుతాయి. ముఖ్యంగా జీతం దగ్గర ఆగండి. పెద్ద అక్షరాల్లో కనిపించే మొత్తం వేరు, నెలనెలా చేతికొచ్చేది వేరు. ప్యాకేజీలో 30 శాతం వేరియబుల్, అంటే పనితీరును బట్టి పెరిగే తగ్గే భాగం, అయితే మీకు ఖాయంగా వచ్చేది 70 శాతమే, అందులోనూ కోతలు పోతాయి. ఇంటి ఖర్చులు, అప్పుల వాయిదాలు ఆ మిగిలినదానితో గడుస్తాయో లేదో లెక్క వేసుకోండి. "కంపెనీ విచక్షణ మేరకు" అని రాసి ఉన్న బోనస్‌ను లెక్కలో కలపకండి, ఇవ్వకపోయినా అడిగే హక్కు మీకు మిగలకపోవచ్చు. "గత ఏడాది ఈ టీమ్‌కి వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు?" అని అడగడంలో తప్పేం లేదు. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఎన్నాళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలో చూడండి. షేర్లు ఇస్తామంటే, అవి ఎప్పటికి మీవవుతాయో అడగండి. స్టార్టప్‌లలో ఎక్కువగా కనిపించే పద్ధతి నాలుగేళ్లలో విడతలుగా ఇవ్వడం, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఒక్కటీ రాకపోవడం.

ప్రొబేషన్ ఎంత, నోటీస్ ఇరువైపులా ఒకటేనా, ఇన్నాళ్లు మానకూడదన్న బాండ్ ఏమైనా ఉందా, మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉందా, ఇవీ చూడండి. అలాంటి షరతులు చెల్లేదీ చెల్లనిదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, అనుమానముంటే సంతకానికి ముందే లాయర్‌కి చూపించడం మేలు.

డబ్బు సంగతి ఎలాగూ చూస్తాం. చాలామంది చూడనిది రోజు ఎలా గడుస్తుందన్నది. ఆఫీసుకు ఒకవైపే గంటన్నర పడితే, నెలకు 22 పని దినాల్లో 66 గంటలు దారిలోనే పోతాయి. ఎనిమిది గంటల పని లెక్కన అవి ఎనిమిది రోజుల పైమాటే. పెరిగిన జీతాన్ని ఆ గంటలతో కలిపి తూచండి. మేనేజర్ అయ్యే మనిషితో పావుగంటైనా విడిగా మాట్లాడి, "ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది?" అని అడగండి. జవాబుకన్నా ముందు వచ్చే తడబాటు చూడండి. అక్కడ పనిచేసి మానేసినవాళ్లు ఒకరిద్దరు దొరికితే ఇంకా మంచిది. ఒకరి కోపాన్ని పట్టించుకోనక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెబితే మాత్రం ఆలోచించాల్సిందే.

"ఈ రాత్రికల్లా చెప్పాలి" అని తొందరపెడితే కంగారుపడకండి. "ఆఫర్‌కి ధన్యవాదాలు. లెటర్ పూర్తిగా చదివి శుక్రవారంలోగా జవాబిస్తాను" అని మెయిల్ పెట్టండి. రెండు రోజుల గడువు అడిగినందుకే ఆఫర్ వెనక్కి తీసుకునే చోట, రేపు సెలవు అడగడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మాట్లాడి తేల్చుకున్నవి ఏవైనా సరే, లెటర్‌లో మార్పించండి. కుదరకపోతే కనీసం మెయిల్‌లోనైనా రాయించుకోండి.

రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, డిపాజిట్, పేరేదైనా ఆఫర్‌కి ముందు డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. ఉద్యోగాలు ఇప్పించే ప్రైవేటు ఏజెన్సీలు పని వెతుక్కునేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదన్నదే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందంలోని మూల నియమం, కొన్ని మినహాయింపులున్నా సరే. మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా గమనించండి. లెటర్‌లో ఇచ్చిన నంబర్‌కి కాకుండా, కంపెనీ సొంత సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

అన్నీ కుదిరి సంతకం పెట్టాక, లెటర్‌నూ జరిగిన మెయిళ్లనూ సొంత మెయిల్‌లో దాచుకోండి. పాత ఆఫీసు మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికల్లా మూసేస్తారు.