బడి పిల్లల్ని పనికి సిద్ధం చేయడం: బెజవాడ బస్తీల్లో సాయంత్రం సెంటర్లు నడిపేవాళ్లకి

ఈ సెంటర్ పని తొమ్మిదో తరగతి జూలైలోనే మొదలుపెట్టండి. పదికి వచ్చి సంక్రాంతి దాటితే పబ్లిక్ పరీక్షల హడావుడిలో ఎవరికీ తీరికుండదు. పది పన్నెండు మంది పిల్లలు, వారానికోసారి రెండు గంటలు చాలు. ఇరవై దాటితే నోరు విప్పని పిల్లలు వెనక వరసలోనే మిగిలిపోతారు, ఎక్కువ అవసరం వాళ్లకే.

మొదటి పని పేరు సరిచూడటం. ఆధార్ జిరాక్స్, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి, ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో అక్షరం పిల్లల చేతే చదివించండి. లక్ష్మికి చివర ఒక చోట 'ఐ', మరో చోట 'వై' ఉంటుంది. ఇంటిపేరు ఒక దాంట్లో పూర్తిగా, ఇంకో దాంట్లో ఒక్క అక్షరంగా ఉంటుంది. రేపు కంపెనీలో చేరితే పీఎఫ్ ఖాతా ఆగిపోయేది ఇక్కడే. పదో తరగతి నామినల్ రోల్ (పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల జాబితా) వెళ్లకముందైతే హెడ్మాస్టరుగారి దగ్గర పని సులువుగా అయిపోతుంది. సర్టిఫికెట్ అచ్చయ్యాక దిద్దించాలంటే తిరిగి తిరిగి అలసిపోతారు. పుట్టినతేదీ కూడా అంతే. 15 నిండిన పిల్లలు ఆధార్‌లో వేలిముద్రలు, ఫొటో కొత్తగా ఇవ్వాలి, 17 లోపు ఉచితం. అదే రోజు ఫోన్ నంబరు కూడా చూడండి. నాన్న ఎప్పుడో పారేసిన సిమ్‌కి ఓటీపీ వెళ్తున్న ఇళ్లు చాలా ఉంటాయి.

తర్వాత మాట. పని చోట పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. మేస్త్రి "అర్థమైందా?" అంటే "ఆ" అనేస్తారు, అర్థం కాకపోయినా. అడిగితే తిడతారని భయం. పని చెడ్డాక ఎలాగూ తిడతారు, వస్తువూ పోతుంది. దీనికి అలవాటు ఒక్కటే మందు. "నీలం డబ్బాలోంచి 12 నంబరు స్పానర్, ఆరు బోల్టులు తీసుకురా, రెండు నాకిచ్చి మిగతావి తుడిచిపెట్టు" అని మామూలు వేగంతో ఒక్కసారే చెప్పండి. కదలకముందు పిల్ల తిరిగి చెప్పాలి: "నీలం డబ్బా, 12 స్పానర్, బోల్టులు ఆరు, మీకు రెండు, మిగతావి తుడవాలి, అంతేనా అన్నా?" మొదటి వారం సగం మంది బోల్టుల లెక్క మర్చిపోతారు. "అంతేనా" అనే మాట నోటికి వచ్చేదాకా వారం వారం చేయించండి.

రాలేనని ఫోన్ చేయడం కూడా ఇలాగే నేర్పాలి. జ్వరమొచ్చి ఒక రోజు మానేసిన పిల్లవాడు, సిగ్గుతో రెండో రోజు కూడా వెళ్లడు. మూడో రోజుకి ఓనరు ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఒకరు ఓనరుగా, ఒకరు పిల్లగా కూర్చోబెట్టి నిజంగానే ఫోన్లో మాట్లాడించండి: పేరు, కారణం, మళ్లీ ఎప్పుడొస్తాననే రోజూ టైమూ. అమ్మ చేత చేయించకూడదు.

డబ్బు లెక్క ఒక్క సాయంత్రంలో వస్తుంది. రోజుకి 400, 22 రోజులు, మధ్యలో 1,500 అడ్వాన్సు: చేతికి రావాల్సింది 7,300. అడ్వాన్సు తీసుకున్న రోజే తేదీ వేసి చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. నెలాఖరు గొడవలన్నీ రాయని అడ్వాన్సుల దగ్గరే.

బండ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్ చూపించడానికి నలుగురేసి చొప్పున తీసుకెళ్లండి, సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి. చెప్పులు కాదు, బూట్లు. చున్నీ నడుముకి కట్టుకోవాలి. పనిముట్లు ముట్టుకోనివ్వొద్దు. మేస్త్రిని రెండే అడగమనండి: మొదట్లో ఏం పని చేసేవారు, ఎలాంటి కుర్రాణ్ని వెనక్కి పంపేస్తారు? రెండో ప్రశ్నకి వచ్చే జవాబులు మీరు చెప్పే పాఠాల కన్నా బాగా పనిచేస్తాయి. ఆడపిల్లల్ని టైలరింగు షాపులతో సరిపెట్టొద్దు, లేతు, వైరింగు షెడ్లూ చూపించండి. స్త్రీశక్తి పథకంలో వాళ్లకి సిటీ బస్సు ఉచితం, గుర్తింపు కార్డు ఉంటే చాలు.

చట్టం పిల్లలకీ, తల్లులకీ నోటికి రావాలి. 14 ఏళ్ల లోపు వాళ్లని పనిలో పెట్టుకోకూడదు. 14 నుంచి 18 లోపు వాళ్లకి ప్రమాదకరమైన పని కూడదు. విరామంతో కలిపి రోజుకి ఆరు గంటలే, మూడు గంటలు చేశాక గంట విరామం. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా అసలు పని చేయించకూడదు. పెళ్లిళ్ల సీజనులో ఫంక్షన్ హాళ్లకి కేటరింగ్ సర్వింగుకి వెళ్లి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే పదో తరగతి పిల్లల గురించి ఇక్కడ గట్టిగా మాట్లాడాలి. ఇంట్లో ఆ డబ్బు అవసరమే, కాదనలేం. కానీ మర్నాడు బడి పోతుంది, అలా నాలుగు ముహూర్తాలకి చదువే పోతుంది. ఎవరైనా బలవంతం చేస్తుంటే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయాలి.

పది తర్వాతి దారులు ముందే రాసి గోడకి అంటించండి. పాలిటెక్నిక్‌కి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, పది ఫలితాలొచ్చేదాకా ఆగితే దరఖాస్తు గడువు దాటిపోతుంది. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌కి పది పాసవ్వాలి. వెల్డర్, వైర్‌మన్, ప్లంబర్‌కి ఎనిమిది చాలు, కాబట్టి పది తప్పిన పిల్లలకీ తలుపు తెరిచే ఉంటుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకి వార్డు సచివాలయంలో ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టించండి.

పనిలోనో కోర్సులోనో చేరాక మొదటి వారం చివర ఒకసారి, మొదటి జీతం రోజు ఒకసారి ఫోన్ చేయండి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. ఎన్నింటికి వెళ్లావు, ఎన్నింటికి వచ్చావు, చేతికెంత వచ్చింది, నోటుబుక్కులో ఎంత ఉంది, ఇవి అడగండి.