మీ మండలంలో అంగన్‌వాడీ చదువు ఎట్లా ఉందో లెక్క తీయడం ఎలా

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో అంగన్‌వాడీ గురించి ఎవర్నడిగినా "గుడ్డు, పాలు బాగానే ఇస్తారు, చదువు మాత్రం ఏం లేదు" అంటారు. అలా అనేవాళ్లలో చాలామంది లోపలికెళ్లి చూసినవాళ్లు కాదు. 1975లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిచే కేంద్ర ప్రభుత్వ పథకం) మొదలైనప్పుడే 3 నుంచి 6 ఏళ్ల పిల్లల చదువును కూడా దాని పనుల్లో చేర్చారు, కాబట్టి తిండి గురించి ఎంత గట్టిగా అడుగుతామో చదువు గురించీ అంతే గట్టిగా అడగొచ్చు. ఎలా అడగాలో చెప్తాను. సర్పంచ్ అయినా, తల్లుల కమిటీలో ఉన్నవాళ్లయినా, ఊరి మీద ప్రేమున్న డిగ్రీ స్టూడెంట్ అయినా ఈ పని చేయొచ్చు.

ముందు జిల్లా లెక్కలు పక్కన పెట్టేయండి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా ముక్కలైంది, కొత్త తిరుపతి జిల్లాలో నెల్లూరు వైపు మండలాలు కూడా కలిశాయి, అందుకని అప్పటి జిల్లా అంకెల్నీ ఇప్పటివాటినీ పక్కపక్కన పెడితే తప్పుడు కథే వస్తుంది. మండలం, ఇంకా మంచిది సెంటర్, ఆ స్థాయిలో పట్టుకోండి.

మీకు మూడు అంకెలు కావాలి: ఊళ్లో 3 నుంచి 6 ఏళ్ల పిలకాయలు మొత్తం ఎంతమంది, సెంటర్లో పేరున్నది ఎంతమందికి, నిజంగా వస్తున్నది ఎంతమంది. చివరి రెండూ టీచర్ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఉంటాయి, కొన్ని సెంటర్లను చూసుకునే సెక్టార్ సూపర్‌వైజర్‌ని గానీ ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీఓని (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) గానీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. పిల్లల పేర్లు అడగొద్దు, సెంటర్ల వారీగా అంకెలు చాలు. మొదటి అంకె మాత్రం మీరే ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుంటే మంచిది, ఎందుకంటే పొద్దున్నే ఊళ్లోకి ప్రైవేట్ స్కూల్ బస్సు వచ్చి ఎల్‌కేజీ పిల్లల్ని ఎక్కించుకుపోతోంటే సెంటర్లో సంఖ్య తగ్గడానికి కారణం టీచర్ కాకపోవచ్చు.

ఒక్క నెల చూసి తీర్పు చెప్పొద్దు. జూన్, జూలైలో తోతాపురి మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల పని, ఇటుక బట్టీలకు పోయేవాళ్లు వేరే, బెంగళూరుకు పోయేవాళ్లు వేరే. అమ్మానాన్నలతో పాటే పిల్లలూ పోతారు. అందుకని జూలై, నవంబర్, ఫిబ్రవరి, ఈ మూడు నెలల హాజరు తీసుకోండి.

ఇక్కడే చాలామంది శాతాలతో దెబ్బతింటారు. ఒక సెంటర్లో 12 మంది ఉన్నారనుకోండి, ఒక్క కుటుంబం ఇద్దరు పిల్లల్తో వలస పోతే హాజరు దాదాపు 17 శాతం పడిపోతుంది. టీచర్ చేసిన తప్పేం లేదు. పక్కూళ్లో 40 మంది ఉంటే అదే ఇద్దరు పోయినా 5 శాతమే. కాబట్టి చిన్న సెంటర్లకు శాతం రాయకండి, మనుషుల లెక్కే రాయండి, మూడు సంవత్సరాల లెక్కలు కలిపి చూడండి.

ఆ తర్వాతే అసలు ప్రశ్న: రానివాళ్లు ఎవరు? నా దృష్టిలో ఈ పని మొత్తానికీ ప్రాణం ఇదే. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు యానాది గిరిజనుల కాలనీలు కొన్ని ఊరికి దూరంగా ఉంటాయి, మూడేళ్ల బిడ్డను రోడ్డు దాటించి రోజూ ఎవరు తీసుకురావాలి? కొడుకును ఎల్‌కేజీకి పంపి కూతుర్ని అంగన్‌వాడీకి పంపే ఇళ్లు మీ ఊళ్లో ఎన్ని ఉన్నాయో చూడండి, ఆడ, మగ లెక్క విడిగా రాస్తేనే అది బయటపడుతుంది. కులం, దూరం, వలస, ఇంటి భాష, అన్నీ ఇలాగే విడివిడిగా రాయాలి. నగరి, సత్యవేడు, కుప్పం పక్క చాలా ఇళ్లలో తమిళమే, పలమనేరు టౌన్లో ఉర్దూ. టీచర్ తెలుగులో "ఎర్ర బొమ్మ తీసుకురా" అంటే కదలకుండా కొంగు నములుతూ నిలబడ్డ పాప, ఆయమ్మ అదే మాట తమిళంలో అడగ్గానే పరిగెత్తి తెచ్చిస్తుంది. అలాంటి పాపకు "వెనకబడింది" అని రాయడం అన్యాయం.

చదువు ఎట్లా ఉందో చూడాలంటే పరీక్ష పెట్టొద్దు. ఒక పూట మూలన కూర్చుని గమనించండి, చాలు. చింతగింజలు పది లెక్కపెట్టి ఇవ్వగలరా, విన్న కథను తమ మాటల్లో చెప్తున్నారా, రంగును బట్టి, సైజును బట్టి వేరు చేస్తున్నారా, ఒంటికాలి మీద గెంతగలరా. ఏబీసీడీలు గడగడా అప్పజెప్పడం చదువుకు గుర్తు కాదు, ఎవరెన్ని చెప్పినా. కేంద్ర ప్రభుత్వం 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం 2024లో తెచ్చిన ఆధార్‌శిలా పాఠ్యక్రమం కూడా ఆటలతోనే నేర్పమంటుంది.

ఎత్తు, బరువు రిజిస్టర్ చూసేటప్పుడు పుట్టిన తేదీని బర్త్ సర్టిఫికెట్‌తో సరిపోల్చండి. నాలుగు నెలలు అటూ ఇటూ అయినా మంచి బిడ్డ బక్కచిక్కినట్టు, బక్కచిక్కిన బిడ్డ బాగున్నట్టు కనపడతారు.

ఇంకొకటి, అందరూ వదిలేసేది. సెంటర్ నుంచి పోయిన పిల్లలు ఒకటో తరగతిలో చేరారా, రెండో తరగతికి వచ్చేసరికి కూడా బడిలోనే ఉన్నారా? ప్రైమరీ స్కూల్ హెడ్‌మాస్టర్ దగ్గర యూడైస్ ప్లస్ (బడుల్లో పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) వివరాలు ఉంటాయి, అడిగితే సెంటర్ రిజిస్టర్, బడి రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశగా చూడమంది, మనం మాత్రం ఆరేళ్ల దగ్గర గోడ కట్టేస్తున్నాం.

లెక్క పూర్తయ్యాక పిల్లల పేర్లు, కులాలు ఊరి వాట్సాప్ గ్రూపులో దయచేసి పెట్టొద్దు. టీచర్‌కి ముందు చూపించండి, ఆమె మీద సర్వేలు, యాప్ ఎంట్రీలు, రేషన్ పంపిణీ అన్నీ ఉన్నాయి, మీ కాగితం చూసి ఇంకో తనిఖీ అని టెన్షన్ పడొచ్చు. ఆమె చెప్పే కారణాలు కూడా అందులో రాసి, అప్పుడు గ్రామసభలో పెట్టండి. అడిగేది కూడా స్పష్టంగా అడగండి: కాలనీలో ఇంకో సెంటర్ కావాలా, ఖాళీగా ఉన్న ఆయా పోస్టు నింపాలా, తమిళం వచ్చిన హెల్పర్ కావాలా. తీర్మానం నకలు తీసుకుని సీడీపీఓ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రసీదు మీద ముద్ర వేయించుకోండి.